రెండు గదులకు ఒకే హీటరు

కరెంటు రేటు గురించి ఏదైనా అడగాలనిపిస్తే మా కటింగ్ మాస్టారు మెట్లు దిగి నా తలుపు తట్టొచ్చు. నేను పనిచేసేది కరెంటు కంపెనీలో, కస్టమర్లు వచ్చే కౌంటరులో. ఆయన ఉండే మేడకి సరిగ్గా కింద పోర్షన్ మాది. తట్టడు. సోమవారం పొద్దున్నే చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, బస్సెక్కి మా ఆఫీసుకొచ్చి, టోకెన్ తీసుకుని, అందరితోపాటు కుర్చీలో కూర్చుంటాడు. తన నంబరు పిలిచాకే లేస్తాడు.

"ఇంటి దగ్గర అడగొచ్చు కదా మాస్టారూ, ఇంత దూరం ఎందుకు?" అన్నానొకసారి.

"ఇంటి దగ్గర నువ్వు మా కింది పోర్షన్ అమ్మాయివి. నీతో నాకు తగువేముంది? ఇక్కడ మీరు కంపెనీ, మేడమ్ గారూ."

అదీ వరస. ఇంటి దగ్గర "అమ్మాయ్, వాన వచ్చేలా ఉంది, నీ బట్టలు తీసుకో" అని మేడ మీంచి కేకేసే మనిషి, కౌంటరు అద్దం అవతల నిలబడగానే చేతులు కట్టుకుని, "మేడమ్ గారూ, కరెంటు టోకు ధర సగానికి పడిపోయిందని రేడియోలో చెప్పారండీ. మా ఇంటి బిల్లులో ఎప్పుడు పడుతుందో కాస్త సెలవిస్తారా?" అంటాడు. నాకు నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది.

మండదా మరి! మా కౌంటరులో ఒక్కరోజు కూర్చుని చూడండి, తెలుస్తుంది. రేటు నేనే పెంచినట్టు, తగ్గించే మీట నా బల్ల కింద దాచుకున్నట్టు, వచ్చినవాళ్ళంతా నా మీదే విరుచుకుపడతారు. నాకూ ఇల్లుంది, నాకూ బిల్లొస్తుంది, అది చూసి నేనూ గుండెలు బాదుకుంటాను. అది ఎవరికి కావాలి? చెప్పమని మాకు పైనుంచి ఒక జవాబు ఇచ్చారు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాను: "కంపెనీ కరెంటును ముందుగానే కొని పెట్టుకుంటుంది. ఎక్కువ ధరకు కొన్నది ఖర్చయిపోయాక తగ్గింపు మీకు అందుతుంది. మళ్ళీ పెరిగితే మీకు ఇబ్బంది కలగకూడదని జాగ్రత్త పడుతున్నాం." చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

మాస్టారు ఆ జవాబంతా ఓపిగ్గా విని తల ఊపేవాడు. "బాగుందండీ. మరి పెరిగినప్పుడు మాత్రం ఆ నెలలోనే పెంచారు కదా? అంతకుముందు చవగ్గా కొని పెట్టుకున్నది ఏమైపోయింది? ఎక్కడానికి లిఫ్టు, దిగడానికి మెట్లా మేడమ్ గారూ?"

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఘొల్లుమన్నారు. గాజు గదిలోంచి మా ఆఫీసరు తలెత్తి చూశాడు. నేను నవ్వును దగ్గులో కలిపేశాను.

ఆయన జీవితమంతా కోట్లు కుట్టే పెద్ద షాపులో కత్తెర పట్టాడు. గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీసి, కత్తిరించి ఇచ్చేదాకా ఆయన పని. కుట్టేవాళ్ళు వేరు. చెయ్యి తిరిగిన కట్టరైతే ఎంత గుడ్డలోనైనా కాస్త మిగులు తీస్తాడు. ఆ మిగులు ఎవరిదన్నది ఆ వృత్తిలో ఎప్పుడూ ఉన్న తగువే. చాలా షాపుల్లో అది చప్పుడు చెయ్యకుండా బల్ల కిందికి పోతుంది, గుడ్డ ఇచ్చినవాడికి ఉన్నట్టే తెలియదు. మా మాస్టారు మాత్రం ఆ ముక్కను మడిచి, దాని అంచులోంచే ఒక పీలిక చించి ముడి వేసి, తయారైన కోటు జేబులో పెట్టి పంపేవాడు. యజమాని చివాట్లు పెట్టాడు. తోటివాళ్ళు "వచ్చాడయ్యా ధర్మప్రభువు" అని ఏడిపించారు. ఆయన మానలేదు.

"గుడ్డ నీదైతే మిగులూ నీదే. కత్తెర నాదైనంత మాత్రాన ముక్క నాదైపోతుందా?" అనేవాడు. ఆ మాట మా కౌంటరులోనూ వినిపించాడు. "అర చెయ్యి వెడల్పు గుడ్డ కూడా నేను దాచుకోలేదండీ. మీ కంపెనీ థాన్లకు థాన్లే దాచుకుంటోంది."

భార్య అదే షాపులో గుండీలకు కాజాలు కుట్టేది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. షాపు మూసేస్తున్నప్పుడు కటింగ్ బల్లని ఆయన కొనుక్కున్నాడు. అది మెట్ల మలుపులో తిరగలేదు. కిటికీ చట్రం ఊడదీసి, తాళ్ళు కట్టి పైకి లాగించారు. వీధి వీధంతా నిలబడి చూశాం. తినడం ఆ బల్ల మీదే, ఇస్త్రీ ఆ బల్ల మీదే, మోచేతులు ఆనించి గోడకేసి చూస్తూ కూర్చోవడం కూడా ఆ బల్ల దగ్గరే.

ఆయన ఒంటరితనం నాకు కింద గదిలోంచి వినపడేది. సాయంత్రమైతే ఒకే ఒక కుర్చీ జరిగేది. రేడియో వాగేది, దానికి ఆయన ఎదురు చెప్పేవాడు. "అబద్ధం! అంతా అబద్ధం!" అని కేక వినిపిస్తే వార్తలొస్తున్నాయని నేను గడియారం చూసుకునేదాన్ని. రేడియో ఆపాక ఇక ఏమీ వినపడేది కాదు. ఆ నిశ్శబ్దమే నాకు కష్టంగా ఉండేది, కావాలని గిన్నెలు చప్పుడు చేసేదాన్ని.

పక్క గది ఆయన అద్దెకిచ్చేవాడు. రెండేళ్ళ కిందట ఒక నర్సమ్మ దిగింది. పగలంతా ఆసుపత్రిలో డ్యూటీ. పై పరీక్షకి చదువుకుంటోంది. జీతంలో ఎక్కువ భాగం వాళ్ళమ్మకి పంపించేది. ఆమె గదికి వేరే చిన్న మీటరు, నడవా గోడకి బిగించి ఉంటుంది. కంపెనీ బిల్లు మాస్టారి పేరున వస్తుంది. చిన్న మీటరు ఎంత తిరిగితే అంతకి, కంపెనీ రేటు చొప్పునే, చిల్లిగవ్వ ఎక్కువ లేకుండా ఆమె దగ్గర తీసుకునేవాడు. మొదటి చలికాలం ఆ పిల్ల వచ్చేది, తలుపేసుకునేది, చదువుకునేది. మెట్ల మీద ఎదురైతే నవ్వేది, అంతే.

తర్వాత రేటు పెరిగింది. పెరగడమంటే మామూలుగానా, నెత్తిన పిడుగు పడ్డట్టే. మాస్టారు కొత్త రేటు చెబితే నర్సమ్మ "అలాగే బాబాయిగారూ" అని లోపలికెళ్ళి హీటరు ప్లగ్గు పీకేసింది. చలికోటు వేసుకుని, దుప్పటి కప్పుకుని మంచం మీద చదువుకునేది. తలుపు సందులోంచి అది చూసి ఆయన ప్రాణం కొట్టుకుంది.

"రెండు గదులకి రెండు హీటర్లెందుకు నర్సమ్మా? నాది ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది. పుస్తకాలు తెచ్చుకుని ఈ బల్ల దగ్గర కూర్చో" అన్నాడు.

ఆ పిల్ల మొహమాటపడింది. చలి ముందు మొహమాటం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఒక సాయంత్రం నాకు పైన రెండు కుర్చీలు జరిగిన చప్పుడు వినిపించింది. మర్నాడూ వినిపించింది. నాకెందుకో గానీ హాయిగా అనిపించింది.

అక్కణ్నుంచి మాస్టారు మనిషే మారిపోయాడు. రోజూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం రొట్టె కొనేటప్పుడు షాపులో రెండు అడిగేవాడు, అడుగుతూ అటూ ఇటూ చూసేవాడు, ఎవరైనా విన్నారా అని. ఒకసారి ఆయన గిన్నె తిరిగివ్వడానికి పైకెళ్ళాను. పొడుగాటి బల్లకి ఆ చివర నర్సమ్మ, పుస్తకాలన్నీ పరిచి. ఈ చివర మాస్టారు, పాత కోటు విప్పి ఆమె భుజాలకి సరిపోయేలా కత్తిరిస్తున్నాడు. మధ్యలో నేల మీద హీటరు, కాస్త ఆమె వైపుకే తిప్పి ఉంది. ఆమె ఎముకల పేర్లు పైకి చదువుతోంది.

"భుజం గురించి నాకు చెబుతావేం నర్సమ్మా? ఈ ఊళ్ళో నేను కొలవని భుజం ఉందా? కుడి భుజం ఎప్పుడూ ఎడమదానికంటే కొంచెం దిగి ఉంటుంది. రాసుకో."

"పుస్తకంలో అలా లేదు బాబాయిగారూ!"

"అయితే పుస్తకం రాసినవాడు కోటు కుట్టించుకోలేదు."

ఆమె పగలబడి నవ్వింది. ఆయన నా వైపు చూశాడు, చూశావా నవ్వించాను అన్నట్టు. అంత సంతోషం ఆ మొహంలో అంతకుముందు నేను చూడలేదు.

సోమవారాలు మాత్రం మానలేదు. టోకు ధర పడుతున్నకొద్దీ ఆయన గొంతు పెరిగింది. "ఆ నర్సమ్మ ఇలా ఎన్నాళ్ళు చలికి వణకాలి మేడమ్ గారూ? మిగులు ఎవరిదండీ?" అని అద్దం మీద వేలితో కొట్టి మరీ అడిగేవాడు. వరసలో వాళ్ళు "అదీ! అలా అడగండి పెద్దాయనా" అని వత్తాసు పలికేవాళ్ళు.

చివరికి కంపెనీ దిగొచ్చింది. ఎలా దిగొచ్చింది! పెంచినప్పుడు ఇంటింటికీ ఉత్తరం వేసినవాళ్ళు, తగ్గించినప్పుడు బిల్లు అడుగున చీమ తలంత అక్షరాలతో ఒక వరస వేసి ఊరుకున్నారు. పడినదంతా ఇవ్వలేదు, కానీ తగ్గింపు తగ్గింపే. నాకు కాలు నిలవలేదు. సోమవారం కోసం ఎదురుచూశాను. ఆయన టోకెన్ పిలవగానే లేచి నిలబడి "గెలిచారు మాస్టారూ" అనాలని మనసులో అనుకుని పెట్టుకున్నాను.

ఆయన రాలేదు.

ఆ తర్వాతి సోమవారమూ రాలేదు. ఒంట్లో బాగా లేదేమో అనుకున్నాను. కానీ పైన అడుగులు మామూలుగానే వినిపిస్తున్నాయి, రెండు కుర్చీలూ జరుగుతున్నాయి. బిల్లు సరిగ్గా చదవలేదేమో, ముసలి కళ్ళు కదా అనుకుని ఒక సాయంత్రం నేనే మేడెక్కాను.

నర్సమ్మ ఎప్పటిలాగే బల్ల చివర కూర్చుని ఉంది. మెడకి గుడ్డ చుట్టుకుంది, దగ్గుతోంది. నేను గుమ్మంలోంచే, "మొత్తానికి సాధించారుగా మాస్టారూ! రేటు..." అన్నాను.

"టీ తాగుతావా అమ్మాయ్?" అని అరిచినంత పని చేశాడు. చేతిలో కత్తెర బల్ల మీద పడింది. "టీ పొడి అయిపోయినట్టుంది. పద, మీ ఇంట్లోంచి కాస్త ఇద్దువుగాని." నా మోచెయ్యి పట్టుకుని మెట్ల దాకా లాక్కొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఆ మనిషి నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"ఆ పిల్లకి చెప్పకు" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏమిటి చెప్పొద్దనేది? రేటు తగ్గిందనా? ఆమె దగ్గర పాత రేటే తీసుకుంటున్నారా?"

"చలికాలం వెళ్ళిపోయాక చెబుతాను. ఇప్పుడే చెబితే ఎలా? మళ్ళీ పెరిగితే పాపం తనకి ఇబ్బంది కదా. అందుకని జాగ్రత్త పడుతున్నాను."

నా జవాబు. రోజూ అద్దం వెనక కూర్చుని నేను అప్పజెప్పే జవాబు, పొల్లు పోకుండా ఆయన నోట వచ్చింది.

"మాస్టారూ, ఇది మా కౌంటరు మాట."

ఆయన మొహం కందిపోయింది. "ఎక్కువ తీసుకున్నది ఒక్క నాణెం కూడా నేను వాడుకోలేదు అమ్మాయ్. విడిగా పెట్టాను. ఒట్టు."

"మరెందుకండీ ఈ దాపరికం?"

తలుపు ఇంకాస్త దగ్గరకి లాగాడు. "తగ్గిందని తెలిస్తే తన గదిలో తను హీటరు వేసుకుంటుంది. తలుపు మూసుకుంటుంది. నాకు సాయంత్రాలు గడవవు అమ్మాయ్. నీకు తెలీదు. అస్సలు గడవవు."

తెలీకపోవడమేం, నా నెత్తి మీదే కదా అవి గడవకుండా ఉన్నది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ లోపల్నుంచి ఆ పిల్ల దగ్గు వినిపించింది, దాంతో కోపమూ వచ్చింది. పొద్దున్నే మంచులాంటి గదిలో చేతులకి మేజోళ్ళు తొడుక్కుని చదువుతోందని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

"మిగులు ఎవరిది మాస్టారూ?" అన్నాను.

ఎంత మాట వచ్చేసింది నా నోటి నుంచి! ఆయన టీ పొడి కోసం కూడా ఆగలేదు. తలుపు తోసుకుని మెల్లగా లోపలికెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం నర్సమ్మ మా తలుపు తట్టింది. చేతిలో చిన్న గుడ్డ మూట ఉంది. ఆమెకి కత్తిరించిన కోటు ముక్కే అది, దాని పీలికతోనే ముడి వేసి ఉంది. ముడి చూడగానే ఎవరు కట్టారో తెలిసిపోయింది.

"చూశారా అక్కా! రేటు తగ్గిందంట. నా వాటా అంతా దాచి ఇప్పుడు ఒక్కసారే చేతిలో పెట్టారు. 'ఇది నీ మిగులు నర్సమ్మా' అని అంతే అన్నారు, నిలబడనైనా నిలబడలేదు. ఎంత మంచివారో కదా!"

"అవును, మంచివారే" అన్నాను.

"ఇక ఆయనకి నా పీడ వదిలింది" అని నవ్వింది. "పాపం, ఇన్నాళ్ళూ బల్లంతా ఆక్రమించేశాను. నేను చదువుతున్నానని రేడియో కూడా పెట్టుకునేవారు కాదు. మొహమాటానికి నాకోసం రొట్టె కూడా తెచ్చిపెట్టేవారు. ఎప్పుడు లేచి వెళ్తానా అని ఎదురుచూసి ఉంటారు. రోజూ సిగ్గుతో చచ్చిపోయేదాన్నక్కా. ఇవాళ్టి నుంచి నా గదిలో నేను వెచ్చగా చదువుకుంటాను."

పిచ్చిపిల్లా, ఉండమని ఆయన అడక్కపోతే నువ్వెలా తెలుసుకుంటావు, నువ్వు తెలుసుకోకపోతే ఆయన ఎలా అడుగుతాడు! మాట గొంతుదాకా వచ్చింది. నేను చెబితే ఆయన సిగ్గుతో నా మొహం చూడడు, ఆ పిల్ల జాలిపడి వెళ్ళి కూర్చుంటుంది, అది ఆయన ఓర్చుకోలేడు.

"అప్పుడప్పుడు వెళ్ళి పలకరిస్తూ ఉండమ్మా" అని మాత్రం అన్నాను.

"తప్పకుండా అక్కా. పరీక్షలు అయిపోనివ్వండి."

ఆ సాయంత్రం పైన ఒకటే కుర్చీ జరిగింది. రేడియో పెట్టాడు. వార్తలు వచ్చాయి, అయిపోయాయి. "అబద్ధం" అని ఎవరూ అరవలేదు.

నేను చూస్తూ ఊరుకోలేదు. రెండుసార్లు టీకి కిందికి పిలిచాను. ఒకసారి వచ్చాడు. కుర్చీ అంచు మీద కూర్చుని, టీ బాగుందని చెప్పి, మా గోడ గడియారం వైపు చూసి, "నీకు పనులుంటాయి అమ్మాయ్" అంటూ లేచిపోయాడు. రెండోసారి తలనొప్పి అన్నాడు. నర్సమ్మ దగ్గు తగ్గిపోయింది. పైన నడవాలో నడిస్తే ఆమె తలుపు కింద నుంచి వెచ్చగా గాలి కాళ్ళకి తగులుతోంది. నేను మిగులు అని ఎత్తిచూపకపోతే ఏమయ్యేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ వెచ్చదనం తగిలినప్పుడు మంచి పనే అనిపిస్తుంది, ఇంట్లోకొచ్చి కూర్చుంటే కాదనిపిస్తుంది.

మళ్ళీ సోమవారం వచ్చింది. కౌంటరు కిటకిటలాడుతోంది. నంబరు పిలుస్తూ తలెత్తితే, ఎదురుగా మాస్టారు. టోకెన్ రెండు చేతులతో పట్టుకున్నాడు. గడ్డం గీసుకోలేదు. చొక్కా పై గుండీ ఊడి ఉంది. గుండీ ఊడితే వీధిలోకి అడుగుపెట్టని మనిషి.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "రండి మాస్టారూ! మిమ్మల్ని చూసి ఎన్నాళ్ళయింది! మిగతాది కూడా ఎప్పుడు తగ్గిస్తారని అడగడానికి వచ్చారా? అడగండి, గట్టిగా అడగండి, మా ఆఫీసరు లోపలే ఉన్నాడు."

కుర్చీల్లో పాతవాళ్ళు ఆయన్ని గుర్తుపట్టి ముందుకు వంగారు, ఇవాళ ఏం జోకు వేస్తాడా అని.

ఆయన నవ్వలేదు. అద్దానికి చేసిన చిన్న కన్నానికి దగ్గరగా వంగి, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"మళ్ళీ ఎప్పుడు పెరుగుతుందంటావు అమ్మాయ్?"

కౌంటరులో ఆయన నన్ను మేడమ్ గారూ అనకపోవడం అదే మొదలు. కన్నంలోంచి చెయ్యి పెట్టి, టోకెన్ పట్టుకున్న ఆయన వేళ్ళ మీద వేశాను. చల్లగా ఉన్నాయి. వెనక ఎవరో "తొందరగా కానివ్వండమ్మా" అని విసుక్కున్నారు. నేను తర్వాతి నంబరు పిలవలేదు.